అళియ రామరాయలు: జయమే అపజయమునకు బీజమైన చరిత్రము

రాజుల చరిత్రములను మనము సాధారణముగా రెండు విధముల చదువుదుము. మనకు నచ్చిన రాజు గెలిచినచో ధర్మము గెలిచినదనియు, ఓడినచో ద్రోహము జరిగినదనియు తలంతుము. ఈ రెండలవాట్లును చరిత్రమునుండి మనము నేర్చుకొనవలసినదానిని మఱుగుపఱచును. విజయనగర సామ్రాజ్యమును ఇరువదిరెండేండ్లు తన చేతిలో నుంచుకొని, 1565వ సంవత్సరము జనవరి 23వ తేదీన ఒక్క పగటిలో సమస్తమును గోల్పోయిన అళియ రామరాయల జీవితము ఇట్టి చదువునకు లొంగునది కాదు. ఆయన పిఱికివాడు కాడు, అసమర్థుడు కాడు, పరమతద్వేషియు కాడు. గెలుచుట యెట్లో ఆయనకు బాగుగా తెలియును. గెలిచిన పిమ్మట ఎచ్చట ఆగవలెనో అది మాత్రము ఆయనకు తెలియలేదు.

సిద్దిపేట, మెదకు ప్రాంతములవారమైన మనకు ఈ చరిత్రమును నిష్పక్షపాతముగా చదువుటకు ఒక సదుపాయము గలదు. ఆ కాలమున ఈ సీమ గోలకొండ కుతుబుషాహీల యేలుబడిలో నుండెను. రామరాయలు తెలుగునేలపై పెంపొందిన అరవీటి వంశమువాడు. ఆయనకెదురు నిలిచిన ఇబ్రహీము కుతుబుషాయో, తెలుగు కవులచే మల్కిభరాముడని కీర్తింపబడి, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును కృతిగా గైకొన్న ప్రభువు. కావున ఈ వ్యాజ్యెమున వాదియు మనవాడే, ప్రతివాదియు మనవాడే. ఒకరిని దేవుని జేసి మఱియొకరిని రాక్షసుని జేయవలసిన యవసరము మనకు లేదు.

రామరాయల తండ్రి శ్రీరంగరాజు. అరవీటివారు సాళువ నరసింహరాయల కాలమునుండియు విజయనగర ప్రభువులకు సేనానాయకులై పేరుగాంచిరి. తిరుమలరాయలు, వేంకటాద్రి యనువారు రామరాయల తమ్ములు. గోలకొండ చరిత్రకారుడొకడు వ్రాసినదానిని బట్టి, రామరాయలు యౌవనమున సుల్తాను కులీకుతుబుషా కొలువున కొంతకాలముండెను. తనకప్పగింపబడిన సీమపై విజాపురమువారు పడినప్పుడు దానిని నిలుపుకొనలేక ఉద్యోగమును గోల్పోయి, విజయనగరమునకు వచ్చి చేరెను. అచ్చట కృష్ణదేవరాయల కూతురిని పెండ్లియాడెను. అళియ యనగా కన్నడమున అల్లుడు. ఆ బంధుత్వమే ఆయనకు బిరుదమై, పేరై నిలిచిపోయినది.

1529లో కృష్ణదేవరాయలు గతించినప్పుడు సింహాసనము ఆయన తమ్ముడగు అచ్యుతరాయలకు సంక్రమించెను. అల్లుడు తన పలుకుబడిని పెంచుకొనుచు వేచియుండెను. 1542లో అచ్యుతరాయలు మరణింపగా, ఆయన కుమారుడు చిన్నవాడగుటచే మేనమామయైన సలకరాజు తిరుమలుడు రాజ్యభారమును వహించెను. సంరక్షకుడు కావలసిన ఆ మేనమామయే ఆ బాలుని చంపించి సింహాసనమెక్కెను. రామరాయలు తమ్ములతో గూడి ఆ ఘాతకునిపై కత్తిగట్టి, వానిని తుంగభద్రాతీరమున ఓడించి వధించెను. గుత్తిదుర్గమున నిర్బంధములో నుండిన అచ్యుతరాయల సోదరుని కొడుకగు సదాశివరాయలను తెచ్చి పట్టముగట్టెను. ఇంతవరకు రామరాయలు చేసిన పనిని ఏ ధర్మశాస్త్రమును తప్పుపట్టజాలదు. ప్రజలును ఆయనను రక్షకునిగనే చూచిరి.

కాని మైనరు ఆస్తికి సంరక్షకుడైనవాని నిజాయితీ ఆస్తిని స్వాధీనపఱచుకొన్ననాడు తెలియదు, అప్పగింపవలసిననాడు తెలియును. సదాశివరాయలు యుక్తవయస్కుడైన వెనుక రాజ్యమును ఆయన కొప్పగింపవలసిన రామరాయలు, 1550 ప్రాంతమున తానే రాజబిరుదములను ధరించి, రాజును అంతఃపురమున కావలిలో నుంచెను. సంవత్సరమునకొక్కమారు మాత్రము ఆ రాజును ప్రజలకు చూపుచుండిరి. ఆనాడు రామరాయలును తమ్ములును ఆయనకు సాగిలపడి మ్రొక్కుచుండిరి. తక్కిన దినములలో ఆజ్ఞలు రామరాయలవి, శాసనములందలి పేరు సదాశివునిది. పాత యుద్యోగులు పెక్కురు తొలగింపబడిరి. వారి స్థానములను అరవీటి బంధువులు నింపిరి. ఇట్లు కట్టిన యధికారమునకు న్యాయమైన పునాది లేదు. పునాది లేనిదానికి గోడలు ఎత్తుగా లేపుట ఒక్కటే మార్గము. తన యధికారము న్యాయమైనదని చూపలేనివాడు, అది ప్రయోజనకరమైనదని ఏటేట ఒక జయముతో చూపవలసివచ్చును. రామరాయల యుద్ధములన్నిటి వెనుకను ఈ తొందరయే కానవచ్చుచున్నది.

ఆయన గుణములను మఱచుట న్యాయము కాదు. ఆయన ప్రేరణముననే రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి యను సంగీతశాస్త్ర గ్రంథమును రచించెను. మంగలివారిపై నుండిన పన్నులును వెట్టియు ఆయన కాలమున పెక్కు సీమలలో తీసివేయబడినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఆయన క్షురకుడైన కొండోజు చేసిన విన్నపమే దానికి కారణము. 1547లో పోర్చుగీసువారితో ఒడంబడిక చేసికొని, గోవలో దిగు గుఱ్ఱములు విజయనగరమునకే చేరునట్లు ఏర్పఱచెను. విజాపురపు కొలువునుండి తొలగింపబడిన మహమ్మదీయ వీరులను పెక్కురను చేర్చుకొని, వారికి నగరమున నివాసమును, మసీదును ఇచ్చెను. వారు తనకు సలాము చేయుటకు మనసొప్పక బాధపడకుండుటకై తన యాసనముచెంత ఖురాను నుంచెననియు వ్రాయబడినది. అట్టివానిని మతాంధుడనుట చరిత్రమునకు విరుద్ధము.

ఇక ఆయన పరరాష్ట్రనీతిని చూతము. బహమనీ రాజ్యము విఱిగి దక్కనున అయిదు రాజ్యములేర్పడెను. అహమ్మదునగరమున నిజాముషాహీలు, విజాపురమున ఆదిలుషాహీలు, గోలకొండలో కుతుబుషాహీలు, బీదరున బరీదుషాహీలు, బేరారున ఇమాదుషాహీలు ఏలుచుండిరి. వీరి మతమొక్కటే యైనను వీరికొకరితో నొకరికి పడదు. కల్యాణి, షోలాపురము, రాయచూరు మొదలగు కోటలకై నిరంతరము తగవులాడుచుండిరి. గోలకొండ కొలువున యౌవనము గడపిన రామరాయలకు ఈ యింటిగుట్టు తెలియును. ఒకనికి సాయముచేసి వేఱొకని నడచుట, అడగినవాడు లేచి రెండవవాడు మీఱినప్పుడు పక్షము మార్చుట, ఇదియే ఆయన తంత్రము. ఇది కొంతకాలము అత్యంత ఫలవంతముగా నుండెను.

1543లో అహమ్మదునగరము, గోలకొండలతో గూడి విజాపురముపై దాడివెడలెను. 1552లో అహమ్మదునగరపు సాయముననే విజాపురమునుండి రాయచూరు, ముద్గలు కోటలను గైకొనెను. పిదప అదే విజాపురమునకు మిత్రుడై అహమ్మదునగరముపై పడెను. ఈ నడుమ, 1543లో అన్న జంషీదునకు జడిసి గోలకొండ విడిచిన ఇబ్రహీము బీదరునకును, అచ్చటినుండి విజయనగరమునకును వచ్చి శరణుజొచ్చెను. రామరాయలు ఆ రాచబిడ్డను ఏడేండ్లు ఆదరించెను. 1550లో జంషీదు గతించిన వెనుక ఇబ్రహీము తెలుగు నాయకుల తోడ్పాటున గోలకొండ గద్దెనెక్కెను. విజయనగరపు టన్నము తిన్న రాజు గోలకొండలో నుండుట రామరాయల కెంతటి బలమో వేఱుగ చెప్పనక్కఱలేదు. దానిని ఆయన నిలుపుకొనినచో ఈ కథ వేఱొక విధముగా ముగిసియుండెడిది.

1558 ప్రాంతమున విజాపురమున గద్దెనెక్కిన అలీ ఆదిలుషా యౌవనవంతుడు. రామరాయల కుమారుడొకడు మరణించెనని విని, కొద్దిపాటి పరివారముతో తానే విజయనగరమునకు వచ్చి పరామర్శించెను. శత్రువుల రాజధానికి రాజొకడు ఇట్లు నమ్మివచ్చుట అపూర్వము. రామరాయల భార్య ఆయనను కుమారునిగా భావించెను. మర్యాదలన్నియు జరిగెను. కాని ఆయన తిరిగిపోవునప్పుడు రామరాయలు వెంట వచ్చి సాగనంపలేదు. ఈ యవమానమును అలీ మనసున నుంచుకొనెనని ఫెరిస్తా యను చరిత్రకారుడు వ్రాసెను. అతిథిని వాకిటివఱకైనను సాగనంపకుండుట మన యిండ్లలో ఎంతటి లోపమో చదువరులెఱుగుదురు. రాజుల నడుమ అది లోపముతో ఆగలేదు.

1558 మొదలుకొని 1561 వరకు విజాపురము, గోలకొండల సేనలను వెంటబెట్టుకొని రామరాయలు అహమ్మదునగర రాజ్యమును త్రొక్కించెను. ఆ దండయాత్రలలో ఊళ్లు కాల్పబడెననియు, మసీదులు అపవిత్రము చేయబడెననియు ఫెరిస్తా చెప్పుచున్నాడు. ఆయన విజాపురపు కొలువున వ్రాసినవాడు గావున ఆ మాటలలో కొంత యతిశయోక్తి యుండవచ్చును. కాని దక్కనువారు ఆ మాటలను నమ్మిరనుట మాత్రము నిజము. సంధికి రామరాయలు విధించిన నియమములలో హుస్సేను నిజాముషా స్వయముగా వచ్చి తన చేతి తాంబూలమును గైకొనవలెననునది యొకటి. హుస్సేను వచ్చెను, తాంబూలము పుచ్చుకొనెను. రామరాయల చేయి తాకినందుకు అచ్చటనే నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొనెను. కోపించిన రామరాయలును తన చేతులు కడుగుకొనెను. కల్యాణికోట విజాపురమున కప్పగింపబడెను. కోటను గోల్పోయినవాడు మఱియొక కోటతో ఊఱట చెందవచ్చును. సభలో తలవంచినవానికి అట్టి యూఱట లేదు.

1563లో హుస్సేను తన కూతురిని ఇబ్రహీము కుతుబుషా కిచ్చి వివాహము చేసెను. మామయు అల్లుడును గూడి కల్యాణిని ముట్టడించిరి. అలీ ఆదిలుషా రామరాయలను పిలిచెను. రామరాయలు పెద్ద సేనతో వచ్చి వారి నిద్దఱిని తఱిమివేసి, అహమ్మదునగరమును మరల ముట్టడించెను. వానలు కురిసి సీనానది పొంగి, తీరమున విడిసిన విజయనగర సైన్యములో కొంతభాగమును ముంచివైచెను. ఇంటికి అంత దూరమున, అంత పెద్ద సేనతో, అన్నియేండ్లు యుద్ధము సాగించుట ప్రమాదమని ఆ నది తెలిపినది. ఆ హెచ్చరికను ఎవరును వినలేదు. ఇంతలో వేంకటాద్రి గోలకొండ సీమపై పడి కొల్లగొట్టెను. కడపట ఇబ్రహీమునుండి కోయిలకొండ, పానగల్లు, ఘనపురము కోటలను రామరాయలు గైకొనెను. ఈ కోటలు నేటి పాలమూరు, వనపర్తి సీమలలోనివి. కృష్ణకు ఉత్తరమున గోలకొండకు అవి ద్వారములవంటివి. ఏడేండ్లు తన యింట పెరిగిన వానినే ఇట్లు ద్వారములు ఊడబెఱికి విడిచిపెట్టెను. అంతటితోను ఆగక, తనను పిలిచిన మిత్రుడగు అలీ ఆదిలుషానుండియు బాగలుకోట మొదలగు స్థలములను తీసికొనెను.

ఇచ్చట చదువరులు ఒక లెక్క వేసి చూడవలెను. 1543లో రామరాయలు అధికారమునకు వచ్చునప్పటికి ఆయన పొరుగువారిలో ప్రతివానికిని మఱియొక పొరుగువానితో వైరముండెను, రామరాయలతో స్నేహమునకు అవకాశముండెను. 1563లో ఆయన తన తుది జయమును సాధించి యింటికి తిరిగివచ్చునప్పటికి విజాపురము కోటలను గోల్పోయినది, అహమ్మదునగరము మానమును గోల్పోయినది, గోలకొండ రెంటిని గోల్పోయినది. ఎన్నడును ఒక్కటి కాని మూడు రాజ్యములకు ఒక్కటే దుఃఖమును కలిగించినవాడు రామరాయలే. శత్రువులను కలుపుటకు వారి మంత్రులు ఏండ్ల తరబడి చేయజాలని పనిని ఆయన జయములు చేసిపెట్టినవి.

1520లో రాయచూరున గెలిచిన పిమ్మట కృష్ణదేవరాయలును ఆదిలుషా తన పాదమును ముద్దుగొనవలెనని కోరెనని నూనిజు అను పోర్చుగీసువాడు వ్రాసెను. ఆ గర్వమునకు ఫలము నాడే కలుగలేదు. దానివలన గర్వము హానికరము కాదని తరువాతివారు నేర్చుకొనియుందురు. చేసిన తప్పునకు వెంటనే శిక్ష కలుగనిచో దానిని నీతియని భ్రమపడుట మనుష్య స్వభావము.

సుల్తానుల సంధి పెండ్లిండ్లతో కుదిరెను. హుస్సేను తన కూతురగు చాందుబీబీని అలీ ఆదిలుషా కిచ్చి, తరతరముల తగవునకు మూలమైన షోలాపురమును అరణముగా నిచ్చెను. అలీ తన చెల్లెలిని హుస్సేను కుమారుడగు ముర్తజా కిచ్చెను. గోలకొండ మంత్రియగు ముస్తఫాఖాను రాయబారములు నడపెను. బీదరు బరీదుషాయు చేరెను. బేరారు మాత్రము చేరలేదు. రామరాయలు కోరగా హుస్సేను తమ సేనాని జహాంగీరుఖానుని చంపించియుండెను గావున ఆ రాజ్యము దూరముగ నిలిచెను. మతమొక్కటే కారణమైనచో అయిదుగురును చేరవలసియుండెను. పాత కోటలను తిరిగి యిమ్మని అలీ పంపిన దూతను రామరాయలు తిరస్కరించి పంపివేసెను. సంధికి అదియే కడపటి యవకాశము.

1564 డిసెంబరున సంయుక్త సేనలు తళ్లికోట యొద్ద విడిసెను. రామరాయలు ఎనుబదేండ్లు దాటినవాడైనను వెనుదీయక, తమ్ములను ముందు నడపి కృష్ణారేవులను కాపాడెను. శత్రువులు వేఱొకచోట దాటువారివలె నదివెంట కొన్నిదినములు నడచిరి. కాపలా సేన వారి వెంట సాగగా, వారు హఠాత్తుగా వెనుదిరిగి విడువబడిన రేవును దాటిరి. యుద్ధము కృష్ణకు దక్షిణమున జరిగెను. ఆవలి యొడ్డునగల గ్రామముల పేరిట దీనిని రక్కసగి తంగడగి యుద్ధమనియు చెప్పుదురు. తమ్ములిద్దఱును రెండు పక్కల నిలువగా, రామరాయలు నడుమ హుస్సేను కెదురుగా నిలిచెను. గుఱ్ఱమెక్కుమని బంధువులెంత బ్రతిమాలినను వినక పల్లకిలో కూర్చుండెను. మొదట విజయనగరపు సేనలే పైచేయిగ నుండెను. హుస్సేను ఫిరంగులకు నాయకుడైన చలబీ రూమీఖాను వానిలో రాగినాణెములను దట్టించి చేరువనుండి కాల్పించెను. సేన చెదరెను. ఏనుగొకటి మీదికి రాగా బోయీలు పల్లకిని విడిచి పాఱిపోయిరి. రామరాయలు పట్టుబడెను. హుస్సేను ఆయన తల నఱికించి బల్లెమున గ్రుచ్చి చూపించెను. దానిని చూచినంతనే సేనయంతయు విఱిగి పరుగెత్తెను. ఒక్క తల పడినంతమాత్రమున లక్షల సేన ఏల పరుగెత్తినది? ఆ రాజ్యమున అధికారమంతయు ఆ తలలోనే యుండెను. పట్టముగట్టుకొన్న రాజు వేఱొకచోట కావలిలో నుండెను. ఆయన పేరిట నిలువుడని ఆజ్ఞాపించువాడు లేడు.

తిరుమలరాయలు ఒక కన్నును గోల్పోయి నగరమునకు తిరిగివచ్చి, పట్టినంత ధనమును ఏనుగులపై కెత్తించుకొని, సదాశివుని వెంటబెట్టుకొని పెనుగొండ దిక్కునకు తరలెను. కాపుదల లేని నగరమును జయించినవారు అయిదాఱు నెలలు దోచిరి. కోటలకై నడచిన యుద్ధములలో ఏ పాత్రయు లేని నేతగాండ్రును, వర్తకులును, శిల్పులును దిక్కులేనివారైరి. 1567లో అచ్చటికి వచ్చిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరిక్కు, ఇండ్లు నిలిచియున్నవి గాని వానిలో మనుష్యులు లేరనియు, క్రూరమృగములు తిరుగుచున్నవనియు వ్రాసెను. హంపిలో నేడు మనము చూచు శిథిలములు ఆ నగరమునవే. 1986లో అవి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి.

ఈ యపజయమునకు కారణము మహమ్మదీయ సేనానులిద్దఱు యుద్ధమధ్యమున పక్షము మార్చుటయే యని ఫ్రెడరిక్కు చెప్పెను. ఫిరంగులే కారణమని కొందఱును, మతవైరమే కారణమని కొందఱును వాదింతురు. ఫిరంగులు నిజమే, పక్షము మార్చుటయు జరిగియుండవచ్చును. కాని ఆ ఫిరంగులను, ఆ పక్షములను ఒక్క రణభూమికి చేర్చినదెవరు? మతవైరమే మూలమైనచో ఇరువదేండ్లు సుల్తానులు రామరాయల సాయమును ఒకరిపై నొకరు కోరుట యెట్లు పొసగును? గెలిచిన సుల్తానులును ఈ పాఠమును నేర్చుకొనలేదు. కొలదికాలములోనే వారిలో వారు తిరిగి పోరాడుకొనిరి. ఒకరి తరువాత నొకరు మొగలుల పాలైరి. విజాపురము 1686లో, గోలకొండ 1687లో ఔరంగజేబునకు చిక్కెను. ఔరంగజేబును దక్కనులోనే యుద్ధములలో కాలముగడపి, రాజ్యమును డొల్లజేసి, 1707లో ఇచ్చటనే మరణించెను.

రామరాయలవంటి రాజ్యము మనకెవరికిని లేదు. కాని ఆయనవంటి స్థానము మనలో పెక్కురకు గలదు. ఊరిలో ఇద్దఱు తగవులాడినప్పుడు పెద్దమనుష్యునిగా పిలువబడుదుము. దాయాదుల పంపకములకు మధ్యవర్తులమగుదుము. చిన్నపిల్లల యాస్తికి సంరక్షకులమగుదుము. తగవు తీర్చబోయినవాడు ఇరుపక్షములనుండియు తలకొక చెలక పుచ్చుకొని వచ్చినచో, ఆ సాయంకాలమున వాడు ధనవంతుడే. కాని ఆ రాత్రినుండి ఆ యిరుపక్షములకును ఒక్కడే శత్రువు. ఓడినవానిని సభలో చేతులు జోడింపజేయుట మన కెంతో గౌరవముగ తోచును. వాడు ఇంటికి పోయి చేతులు కడుగుకొనునని మనము తలపము. రామరాయలకు బుద్ధి యుండెను, ధైర్యముండెను, సంగీత సాహిత్యములయందు రుచి యుండెను, అన్యమతమువారియెడ సహనముండెను. పరుల సొత్తును అప్పగించు నిజాయితీయు, ఓడినవాని మానమును కాపాడు ఔదార్యమును ఆయనకు లేకపోయెను. ఆ రెండు లోపములకు ఆయన తలయే కాదు, లక్షల ప్రజల నగరమును మూల్యమైనది.